జాకెట్ కండెన్సేట్‌ను బాయిలర్‌కి వాడొచ్చా? వాడాలి, కానీ అది ఏ జాకెట్‌దో తెలిసి వాడాలి

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్తాను, చదివే మిగతావాళ్ళకీ అర్థమవుతుంది. హైదరాబాద్ శివార్లలో బల్క్ డ్రగ్ ప్లాంటు. 6 టన్నుల బాయిలర్, 10 కేజీల ప్రెషర్, సగటున గంటకి 4 టన్నుల స్టీమ్. మేకప్ నీళ్ళు (బాయిలర్‌కి కొత్తగా చేర్చేవి) బోరు నుంచి సాఫ్ట్‌నర్ మీదుగా వస్తాయి, టీడీఎస్ (కరిగిన ఉప్పుల లెక్క) 800 పీపీఎం, అంటే లీటరుకి 800 మిల్లీగ్రాములు. ఇన్నాళ్ళూ రియాక్టర్ జాకెట్ల (రసాయనాల పాత్ర చుట్టూ స్టీమ్ తిరిగే తొడుగుల) కండెన్సేట్, అంటే స్టీమ్ చల్లబడి అయిన నీళ్ళు, మొత్తం ఈటీపీకి (వ్యర్థజలాల శుద్ధి ప్లాంటుకి) పోయేది. రెండు నెలల క్రితం మీరే చొరవ తీసుకుని దాన్ని బాయిలర్‌కి నీళ్ళిచ్చే ఫీడ్ ట్యాంకుకి తిప్పారు. ఇప్పుడు మూడు గొడవలు. కండెన్సేట్ పీహెచ్ 5.5 చూపిస్తోంది. పొద్దున షిఫ్టులో నీళ్ళు టీ డికాషన్ రంగులో వస్తున్నాయి. ఫీడ్ పంపు గులకరాళ్ళు పోసి తిప్పినట్టు మోగుతోంది. మేనేజర్ గారు ఆపేయమంటున్నారు. కెమికల్ సప్లయర్ డోసు పెంచమంటున్నాడు. ఎవరి మాట వినాలి అని అడిగారు.

ఇద్దరి మాటా వినకండి. మీరు చేసిన పని మంచిదే, చేసిన తీరులో ఒక పెద్ద లోటు ఉంది. మీ మూడు గొడవల్లో అది లేదు, మీరు దాన్ని గమనించినట్టు కూడా లేదు. దాని సంగతి కొంచెం ఆగి చెప్తాను. ముందు మేనేజర్ గారి ముందు పెట్టడానికి లెక్క తీసుకోండి, ఎందుకంటే లెక్క లేకుండా వెళితే "ఆపేయండి" అన్న మాటే గెలుస్తుంది.

మీ 4 టన్నుల్లో 60 శాతం, అంటే గంటకి 2.4 టన్నుల కండెన్సేట్ 90 డిగ్రీల దగ్గర తిరిగి వస్తోందనుకుందాం. మేకప్ 30 డిగ్రీలు. కిలోకి 60 కిలో కేలరీల తేడా, గంటకి 1,44,000 కిలో కేలరీలు. మీ బొగ్గు 4000 కిలో కేలరీలది, బాయిలర్ సామర్థ్యం 75 శాతం అనుకుంటే కిలో బొగ్గు నుంచి చేతికొచ్చేది 3000. అంటే గంటకి 48 కిలోల బొగ్గు మిగులుతుంది. ఇంతవరకు అందరూ వేసే లెక్కే.

చాలామంది లెక్కలో వదిలేసేది బ్లోడౌన్, అంటే ఉప్పులు పేరుకోకుండా బాయిలర్ నీళ్ళు కొన్ని బయటికి వదలడం. సాఫ్ట్‌నర్ కాల్షియం, మెగ్నీషియం తీసి సోడియం పెడుతుంది తప్ప టీడీఎస్ తగ్గించదు. 800 లోపలికి వెళితే 800 బాయిలర్లోకే. బాయిలర్ లోపల 3500 దాటనివ్వకూడదని పెట్టుకుంటే, కండెన్సేట్ లేకుండా మీరు గంటకి దాదాపు 1.2 టన్నుల నీళ్ళు బ్లోడౌన్‌లో వదలాలి. 4 టన్నుల స్టీముకి 1.2 టన్నులు! అవి 184 డిగ్రీల నీళ్ళు, కిలోకి 185 కిలో కేలరీలు మోసుకుపోయేవి. అదే 2.4 టన్నుల కండెన్సేట్ తిరిగొస్తే మేకప్ తగ్గి, బ్లోడౌన్ గంటకి అర టన్ను లోపుకి దిగుతుంది. ఈ ఒక్క తేడాకే గంటకి ఇంకో 37 కిలోల బొగ్గు. రెండూ కలిపితే 85 కిలోలు, రోజుకి 20 గంటలు నడిస్తే 1.7 టన్నులు. నీళ్ళయితే గంటకి 3 వేల లీటర్ల పైన ఆదా, రోజుకి 60 కిలో లీటర్లు. మీ బొగ్గు ధర మీరే పెట్టుకుని గుణించండి. జీరో లిక్విడ్ డిశ్చార్జ్ (చుక్క నీరు కూడా బయటికి వదలకూడదన్న షరతు) కింద ఉన్న ప్లాంటయితే ఈటీపీలో ఆర్వో (పొర గుండా ఉప్పులు వడకట్టేది), ఎంఈఈ (నీళ్ళని మరిగించి ఆవిరి చేసే ఎవాపరేటర్) మీద ఒక కిలో లీటరుకి ఎంత అవుతోందో ఆ లెక్క కూడా చేర్చండి. శుభ్రమైన వేడి నీళ్ళను ఈటీపీలో పోసి, మళ్ళీ స్టీమ్ ఖర్చు పెట్టి ఎంఈఈలో ఆవిరి చేయడం కంటే దండగ పని ఇంకోటి లేదు.

ఒక మాట. మీ బ్లోడౌన్ వాల్వు ఇప్పటికీ పాత పద్ధతిలోనే షిఫ్టుకి ఇన్నిసార్లని తెరుస్తుంటే ఆ 37 కిలోలు రావు. టీడీఎస్ మీటరు చూసి తెరవమని బాయిలర్ నడిపే ఫైర్‌మన్‌కి చెప్పండి. అలవాటు మానడానికి నెల పడుతుంది, ఓపిక పట్టండి.

ఇక పీహెచ్ 5.5 గురించి. అది చూసి బాయిలర్ తినేస్తుందని భయపడుతున్నారు. బాయిలర్ లోపలి నీళ్ళు పీహెచ్ 11 దగ్గర ఉంటాయి. అక్కడికి చేరాక ఈ ఆమ్లం ఎంత? అది తినేది బాయిలర్‌ని కాదు, మీ రిటర్న్ పైపుని. బోరు నీళ్ళలోని బైకార్బొనేట్లు బాయిలర్ వేడికి విడిపోయి కార్బన్ డయాక్సైడ్ ఇస్తాయి. ఆ వాయువు స్టీముతో పాటే జాకెట్ దాకా వెళ్ళి, స్టీమ్ నీరైన చోట కరిగి కార్బొనిక్ ఆమ్లం అవుతుంది. కండెన్సేట్‌లో ఉప్పులేమీ లేవు కాబట్టి ఆ కొద్దిపాటి ఆమ్లాన్ని ఆపేదీ ఉండదు, పీహెచ్ ఇట్టే పడిపోతుంది. బోరు నీళ్ళలో ఆల్కలినిటీ (ఆ బైకార్బొనేట్ల లెక్క) 300 ఉంటే మొదటి విడత విడిపోవడంలోనే 130 పీపీఎంకి పైగా కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. ఆ తర్వాత కార్బొనేట్ విడిపోతే వచ్చేది అదనం.

పాత పైపు ఎప్పుడైనా కోసి చూడండి. కార్బొనిక్ ఆమ్లం తిన్న పైపు అడుగున కాలువ తవ్వినట్టు పల్చబడి ఉంటుంది, మరలు ఉన్న జాయింట్లు ముందు పోతాయి. ఆక్సిజన్ తిన్నదయితే గుంటలు గుంటలుగా ఉంటుంది. ఈ తేడా తెలిస్తే సప్లయర్ ఏం అమ్ముతున్నాడో, మీకు ఏది అవసరమో తెలిసిపోతుంది.

ఫీడ్ ట్యాంకులో కాస్టిక్ పోస్తే ఈ పైపు బాగుపడదు, కాస్టిక్ స్టీముతో పాటు ప్రయాణించదు. స్టీముతో పాటు వెళ్ళి, అక్కడ నీటిలో కరిగి ఆమ్లాన్ని సరిచేసేవి మార్ఫొలిన్, సైక్లోహెక్సైలమిన్ లాంటి అమీన్లు. కండెన్సేట్ పీహెచ్ 8.5 దగ్గర నిలిచేలా వేస్తే చాలు. కానీ మీది ఫార్మా. జాకెట్‌లోకి మాత్రమే వెళ్ళే స్టీమ్ అయితే ఇబ్బంది లేదు. ఎక్కడైనా లైవ్ స్టీమ్ నేరుగా ప్రాడక్టులోకి ఇస్తుంటే క్యూఏ (నాణ్యత విభాగం) వాళ్ళతో రాతపూర్వకంగా మాట్లాడకుండా ఒక్క చుక్క వేయకండి. అమెరికా ఎఫ్‌డీఏ ఆహార నిబంధనల్లో ఈ రెండు అమీన్లకీ స్టీములో 10 పీపీఎం చొప్పున పరిమితి ఉంది, పాలకి, పాల పదార్థాలకి తగిలే స్టీములో అసలు వాడకూడదు. మందుల ఆడిటర్ ఇంకా గట్టిగా అడుగుతాడు.

నన్నడిగితే అసలు మందు మేకప్ నీళ్ళ దగ్గరే ఉంది. కండెన్సేట్ ఎక్కువ తిరిగొచ్చేకొద్దీ మేకప్ తగ్గుతుంది, దాంతో బైకార్బొనేట్లు తగ్గుతాయి, కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది. అంటే మీరు ఆపేస్తే పీహెచ్ సమస్య తీరదు, పెరుగుతుంది, మీ కంటికి కనపడదు అంతే. మిగిలిన మేకప్‌కి చిన్న ఆర్వో పెట్టగలిగితే అమీన్ డోసు నామమాత్రమవుతుంది. ఇంకో చిన్న విషయం: మీరు శాంపిల్ బకెట్లో పట్టి, చల్లారాక పీహెచ్ చూస్తున్నారని రాశారు. అలా చూస్తే వాయువు కొంత గాలిలోకి పోయి అసలు కంటే మంచి రీడింగ్ చూపిస్తుంది. శాంపిల్ కూలర్ పెట్టి 25 డిగ్రీల దగ్గర వెంటనే చూడండి.

డికాషన్ రంగు ఇనుము. రాత్రి స్టీమ్ ఆగితే లైనులోకి గాలి చేరుతుంది, తడి పైపు తెల్లారేసరికి తుప్పు పడుతుంది, పొద్దున మొదటి కండెన్సేట్ ఆ తుప్పునంతా తోసుకొస్తుంది. పైపు నుంచి వచ్చిన ఇనుము బాయిలర్ ట్యూబుల మీద పేరుకుంటుంది, కాబట్టి బాయిలర్‌కి నిజంగా హాని చేసేది ఇదే. మొదటి 15, 20 నిమిషాల కండెన్సేట్ డ్రెయిన్‌కి వదిలేయండి, తెల్లగాజు సీసాలో పట్టి రంగు పోయాక ట్యాంకుకి తిప్పండి. దీనికి పరికరం ఏమీ అక్కర్లేదు, ఒక వాల్వు, ఒక సీసా.

ఇప్పుడు ఆ పెద్ద లోటు. మీరు పధ్నాలుగు రియాక్టర్ల జాకెట్లనీ ఒకే హెడర్‌కి (ఉమ్మడి పైపుకి) కలిపానని రాశారు. వాటిలో చిల్డ్ బ్రైన్ (చల్లబరిచిన ఉప్పు ద్రావణం) కూడా తిరిగే జాకెట్లు ఎన్ని?

ఇది నేను ఊరికే అడగడం లేదు. చాలా ఏళ్ళ క్రితం నేనూ ఇలాంటి ప్లాంటులోనే యుటిలిటీ చూసేవాణ్ణి. అన్ని జాకెట్లూ కలిపి ఒకే లైను వేయించి, బొగ్గు తగ్గిందని నోటీసు బోర్డులో గ్రాఫ్ కూడా పెట్టించాను. మూడో నెలలో ఫీడ్ ట్యాంకు నీళ్ళలో హార్డ్‌నెస్ (కాల్షియం, మెగ్నీషియం లెక్క) 40 వచ్చింది. సాఫ్ట్‌నర్ అవుట్‌లెట్ చూస్తే సున్నా. నమ్మలేదు. వారం రోజులు సాఫ్ట్‌నర్‌లోని రెజిన్‌ని తిట్టుకుంటూ ఉప్పు బస్తాలు పోసి రీజనరేషన్ మీద రీజనరేషన్ చేయించాను. చివరికి మా ల్యాబ్ కెమిస్ట్ ఒకాయన, ఎవరూ అడక్కుండానే, బాయిలర్ నీళ్ళలో క్లోరైడ్ చూశాడు. ఉండాల్సిన దానికి మూడింతలు. అప్పుడు బుర్ర వెలిగింది.

ఆ ప్లాంటులో బ్రైన్ అంటే కాల్షియం క్లోరైడ్ ద్రావణం. ఒకే జాకెట్‌కి స్టీమ్, కూలింగ్ వాటర్, బ్రైన్ మూడూ వంతులవారీగా. కూలింగ్ అయ్యాక జాకెట్‌లోని బ్రైన్‌ని గాలితో బ్రైన్ ట్యాంకుకి తోసి, పూర్తిగా ఖాళీ అయ్యాకే స్టీమ్ తెరవాలి. నైట్ షిఫ్టులో బ్యాచ్ ఆలస్యమైతే ఎవరు ఆగుతారు? పది నిమిషాలు తోయాల్సింది రెండు నిమిషాలు తోసి స్టీమ్ తెరిచేవాళ్ళు. మిగిలిన బ్రైన్ ట్రాప్ (స్టీముని ఆపి నీళ్ళని మాత్రం వదిలే వాల్వు) గుండా నేరుగా మా ఫీడ్ ట్యాంకులోకి. బాయిలర్ తెరిస్తే వెనక ట్యూబ్ ప్లేటు దగ్గర సున్నం కొట్టినట్టు తెల్లటి పొర. ట్యూబులు కొన్ని మార్చాల్సి వచ్చింది. నా గ్రాఫ్ నోటీసు బోర్డులోంచి నేనే తీసేశాను.

అందుకే కండెన్సేట్ మంచిదా చెడ్డదా అన్న ప్రశ్న నాకు నచ్చదు. ఏ జాకెట్ నుంచి, ఏ పని తర్వాత వచ్చిన కండెన్సేట్ అన్నదే ప్రశ్న. మీ పధ్నాలుగింటినీ, స్టీమ్ వాడే మిగతా పరికరాలనీ కలిపి మూడు గుంపులు చేయండి. స్టీమ్ మాత్రమే వెళ్ళేవి, డ్రయ్యర్ల ఎయిర్ హీటర్లు, వేడి నీళ్ళ ట్యాంకు కాయిల్ లాంటివి కళ్ళు మూసుకుని తీసుకోవచ్చు. స్టీమ్, కూలింగ్ వాటర్ మారుతూ ఉండేవి షరతులతో. బ్రైన్ కూడా తిరిగేవాటిని ఇవాళే హెడర్ నుంచి విడదీయండి. వాటి నుంచి వేడి మాత్రం కావాలంటే ఒక ప్లేట్ హీట్ ఎక్స్‌చేంజర్ పెట్టి మేకప్ నీళ్ళు వేడి చేసుకోండి, నీళ్ళు ఈటీపీకి పంపేయండి. ఫర్నేస్ ఆయిల్ ట్యాంకు వేడి చేసే కాయిల్ కండెన్సేట్ ఎవరి ప్లాంటులో ఉన్నా సరే, ఎప్పటికీ తీసుకోకండి. ఒక్క పిన్‌హోల్ చాలు, నూనె బాయిలర్లో నురగ లేపి నీళ్ళని స్టీములోకి ఎగదోస్తుంది, ట్యూబుల మీద పొర కట్టి వాటిని కాల్చేస్తుంది.

"కండక్టివిటీ మీటరు, త్రీ వే వాల్వు పెట్టేస్తే సరిపోతుంది కదా" అంటారు. పెట్టండి, బ్రైన్‌ని, కూలింగ్ వాటర్‌ని అది బాగా పట్టుకుంటుంది. మంచి కండెన్సేట్ టీడీఎస్ పదిలోపు ఉంటుంది కాబట్టి కొంచెం కలిసినా మీటరు ఎగురుతుంది. కానీ టోలుయిన్, మిథనాల్, నూనె, చక్కెర, ఇవేవీ కరెంటుని మోసేవి కావు. మీటరు పచ్చ లైటు చూపిస్తూనే ఉంటుంది, ట్యాంకు మూత తీస్తే సాల్వెంట్ వాసన కొడుతుంది. అక్కడ ప్రమాదం బాయిలర్‌కి కాదు, మనుషులకి. వేడి ట్యాంకు, మండే ఆవిరి, పక్కనే బాయిలర్ కొలిమి.

స్టీమ్ ప్రెషర్ లోపలి ప్రెషర్ కంటే ఎక్కువ కదా, సాల్వెంట్ జాకెట్‌లోకి ఎలా వస్తుందని మీకు అనుమానం రావచ్చు. స్టీమ్ తెరిచి ఉన్నంతసేపూ రాదు. మూసిన తర్వాత వస్తుంది. జాకెట్‌లో మిగిలిన స్టీమ్ చల్లబడి నీరైతే అక్కడ వాక్యూమ్ ఏర్పడుతుంది, వెల్డులో వెంట్రుకంత పగులున్నా లోపలి సరుకుని పీల్చుకుంటుంది. మళ్ళీ స్టీమ్ తెరిచినప్పుడు ఆ పీల్చుకున్నదంతా మీ ట్యాంకుకి. అందుకే ప్రతి జాకెట్‌కి వాక్యూమ్ బ్రేకర్ (వాక్యూమ్ రాగానే గాలిని లోపలికి వదిలే వాల్వు) పెట్టించండి. దానివల్ల కండెన్సేట్ కూడా జాకెట్‌లో నిలవకుండా దిగుతుంది.

ఈ విషయంలో చక్కెర ఫ్యాక్టరీల వాళ్ళు మనకంటే చాలా ముందున్నారు. నా ఉద్యోగం మొదలైంది కృష్ణా జిల్లా వైపు ఒక చక్కెర మిల్లులో. అక్కడ ఎవాపరేటర్‌లో ఎగ్జాస్ట్ స్టీమ్ వెళ్ళే మొదటి బాడీ (వరసలోని మొదటి పాత్ర) కండెన్సేట్‌ని మాత్రమే బాయిలర్‌కి తీసుకునేవాళ్ళు. తర్వాతి బాడీలది రసం నుంచి లేచిన ఆవిరి, అందులో చక్కెర తుంపర్లు ఉండొచ్చు, దాన్ని ప్రాసెస్‌కి వాడేవాళ్ళు. మొదటి బాడీదయినా సరే, ల్యాబ్ కుర్రాడు గంటకోసారి శాంపిల్‌లో ఆల్ఫా నాఫ్తాల్ వేసి, సల్ఫ్యూరిక్ ఆమ్లం మెల్లగా గోడవెంట జారవిడిచేవాడు. ఊదారంగు వలయం కనపడితే పరుగెత్తుకొచ్చేవాడు, మేం వాల్వు తిప్పేసేవాళ్ళం. చక్కెర బాయిలర్లో విరిగి ఆమ్లాలవుతుంది, పీహెచ్ చూస్తుండగానే పడిపోతుంది. మీటరు మీద కాదు, ఆ ఊదా వలయం మీద వాళ్ళకి నమ్మకం. మీ ప్లాంటులోనూ షిఫ్టుకోసారి వాసన, రంగు, పీహెచ్, రోజుకోసారి క్లోరైడ్ చూసే మనిషి ఒకరుండాలి.

పంపు మోత సంగతి తేలిక. మీ ట్యాంకు పంపు కంటే అడుగున్నర మాత్రమే ఎత్తులో ఉందన్నారు. 30 డిగ్రీల నీళ్ళకి అది చాలేది, 90 డిగ్రీలకి చాలదు. హైదరాబాద్ సముద్రమట్టానికి దాదాపు 540 మీటర్ల ఎత్తు, ఇక్కడ నీళ్ళు 98 డిగ్రీలకే మరుగుతాయి. 90 డిగ్రీల నీళ్ళు పంపు నోట్లో ప్రెషర్ కొంచెం పడగానే బుడగలవుతాయి, ఆ బుడగలు ఇంపెల్లర్ మీద పేలడమే మీరు వింటున్న గులకరాళ్ళ చప్పుడు. ట్యాంకుని పంపు కంటే మూడు, నాలుగు మీటర్ల ఎత్తున ప్లాట్‌ఫామ్ మీదకి ఎక్కించండి, సక్షన్ పైపు ఒక సైజు పెంచండి, స్ట్రెయినర్ శుభ్రంగా ఉంచండి. అప్పటిదాకా ట్యాంకు 75 డిగ్రీలు దాటకుండా చూసుకోండి. ఖచ్చితంగా ఎంత ఎత్తో పంపు కర్వ్‌లో ఎన్‌పీఎస్‌హెచ్ (పంపు నోటి దగ్గర ఉండాల్సిన కనీస ప్రెషర్) చూసి తేల్చండి. పంపు దాటాక బాయిలర్ వైపు ఉన్న ఫీడ్ పైపు ఐబీఆర్ (భారత బాయిలర్ నిబంధనలు) కిందికి వస్తుంది, దాన్ని మాత్రం సొంతంగా కోసి అతకకండి.

చల్లార్చేసి పంపుకి ఇవ్వడం మాత్రం శాశ్వత పరిష్కారం కాదు. వేడి నీళ్ళలో ఆక్సిజన్ తక్కువ కరుగుతుంది. 30 డిగ్రీల దగ్గర 7 పీపీఎం పైన ఉండేది 85 దగ్గర 2 చుట్టుపక్కలకి దిగుతుంది. ఒక పీపీఎం ఆక్సిజన్‌కి సోడియం సల్ఫైట్ ఎనిమిది పీపీఎం కావాలి కాబట్టి, ఆ వేడిని కాపాడుకుంటే సప్లయర్ బిల్లు కూడా తగ్గుతుంది. అతను డోసు పెంచమనడం వెనక ఇది కూడా ఉందేమో, నాకు తెలియదు, ఊహ మాత్రమే.

లైనులో దడదడ కొడుతోందని చివర్లో ఒక వాక్యం రాశారు. మీరు రిటర్న్ పైపుని నీళ్ళ లెక్కతో సైజు చేశారు. 3 కేజీల ప్రెషర్ నుంచి వాతావరణ ప్రెషర్‌కి వచ్చేటప్పుడు కండెన్సేట్‌లో 8 శాతం మళ్ళీ ఆవిరవుతుంది. బరువులో 8 శాతమే, కానీ జాగాలో? ఒక లీటరు నీళ్ళ పక్కన 130 లీటర్లకి పైగా ఆవిరి. పైపు సైజు ఆ ఆవిరికి చూడాలి, నీళ్ళకి కాదు. అలాగే ట్రాపులన్నీ ఒకసారి చూసుకోండి. ఆపరేటర్లు బ్యాచ్ త్వరగా వేడెక్కాలని ట్రాప్ బైపాస్ తెరిచి మర్చిపోతారు. ఫీడ్ ట్యాంకు వెంట్ నుంచి రైలింజన్‌లా పొగ వస్తుంటే అది ఫ్లాష్ స్టీమ్ (ప్రెషర్ తగ్గి మళ్ళీ అయిన ఆవిరి) కాదు, బైపాస్‌లో పోతున్న మీ బొగ్గు.

ఈ వారం చేయాల్సింది ఇంతే. బ్రైన్ జాకెట్లు విడదీయండి. బాయిలర్ నీళ్ళలో, ఫీడ్ ట్యాంకులో, బోరు నీళ్ళలో క్లోరైడ్ చూడండి. క్లోరైడ్ స్టీముతో పోదు కాబట్టి, బోరు నీళ్ళలో టీడీఎస్‌కి, క్లోరైడ్‌కి ఉన్న నిష్పత్తి బాయిలర్లోనూ సుమారుగా అంతే ఉండాలి. కెమికల్ డోసు వల్ల కొంచెం అటూ ఇటూ అవుతుంది గానీ, క్లోరైడ్ బాగా ఎక్కువ ఉంటే రెండు నెలలుగా బ్రైన్ లోపలికి పోతోందన్నమాట. అలాంటప్పుడు వచ్చే షట్‌డౌన్ దాకా ఆగకుండా బాయిలర్ తెరిచి ట్యూబులు చూడాలి. ఆ మూడు రీడింగులూ, ఏ రియాక్టర్‌కి ఏ యుటిలిటీలు ఉన్నాయో ఆ పట్టికా ఇక్కడ పెట్టండి. కూలింగ్ వాటర్ జాకెట్ల కండెన్సేట్‌కి పాలిషర్ (మిగిలిన ఉప్పులు తీసే పరికరం) అవసరమా లేదా అన్నది అవి చూశాకే చెప్పగలను.